వార్తకూ నిజానికీ నడుమ వాల్టర్ లిప్‌మన్

సంక్షిప్తంగా: ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అత్యధిక ప్రభావం చూపిన రాజకీయ వ్యాఖ్యాతల్లో వాల్టర్ లిప్‌మన్ (1889–1974) పేరు ముందుంటుంది. ఆయన పలుకుబడికి కారణం అభిప్రాయాల బలం ఒక్కటే కాదు. పాలకుల చెంత కూర్చుని, పాఠకుల తరఫున మాట్లాడే చోటు ఆయనకు దక్కింది. వార్త ఎక్కడ దారి తప్పుతుందో 1920లోనే లెక్కగట్టి చూపిన ఆయన, 1942లో తానే ఆ దారిన నడిచారు. రాజకీయ వ్యాఖ్యానం ఎలా పనిచేస్తుందో, ఎలా దెబ్బతింటుందో తెలియాలంటే ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఒక కాలమ్, రెండు రాజధానులు

1962 అక్టోబర్ 25. క్యూబాను అమెరికా నౌకాదళం దిగ్బంధించి అప్పటికి ఒక్క రోజు. సోవియట్ అణు క్షిపణులను ఆ దీవి నుంచి ఎలా తీయించాలన్న దానిపై వాషింగ్టన్‌లో తర్జనభర్జన సాగుతోంది. ఆ ఉదయం లిప్‌మన్ కాలమ్ వెలువడింది. క్యూబాలోని సోవియట్ క్షిపణులకు బదులుగా టర్కీలోని అమెరికా క్షిపణులను తొలగిస్తే ఇద్దరూ పరువు పోకుండా బయటపడవచ్చన్నది దాని సారాంశం. అక్టోబర్ 26న సోవియట్ అధినేత క్రుశ్చేవ్ రాసిన లేఖలో టర్కీ ఊసే లేదు. 27వ తేదీ నాటి లేఖలో మాత్రం సరిగ్గా ఆ షరతే కనిపించింది.

లిప్‌మన్ ఇది తన సొంత ఆలోచనగానే రాశారు. మాస్కో మాత్రం అమెరికా ప్రభుత్వం పరోక్షంగా పంపిన సంకేతంగా దాన్ని చదివి ఉండవచ్చని చరిత్రకారులు భావిస్తారు. అలా చదవడానికి కారణాలున్నాయి. సోవియట్ యూనియన్‌లో పత్రికలో ఏదైనా వచ్చిందంటే ప్రభుత్వం చెప్పినట్టే లెక్క. పైగా లిప్‌మన్ అధ్యక్షుడు కెనెడీకి సన్నిహితుడని, అంతకు ఏడాదిన్నర ముందే సోచీలో క్రుశ్చేవ్‌తో గంటల తరబడి మాట్లాడి వచ్చిన మనిషని వారికి బాగా తెలుసు. చివరికి అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దోబ్రీనిన్‌కు రహస్యంగా ఇచ్చిన మాట కూడా టర్కీ క్షిపణుల గురించే. 1963 ఏప్రిల్ నాటికి ఆ జూపిటర్ క్షిపణులను తొలగించారు.

ఒక కాలమ్ రెండు రాజధానుల మధ్య ఇంత దూరం ప్రయాణించిందంటే, రాసిన మనిషి స్థానం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. జరిగింది చెప్పేవాడు విలేకరి, దాని అర్థం చెప్పేవాడు వ్యాఖ్యాత, ఏం చేయాలో పాలకుడి చెవిన వేసేవాడు సలహాదారు. పాఠకులకు ఈ ముగ్గురూ ఒకే మనిషిలా కనిపించడం కొత్తేమీ కాదు. లిప్‌మన్ జీవితంలో ఆ మూడు పాత్రలూ నిజంగానే ఒకే మనిషిలో ఉన్నాయి.

ప్రభుత్వం లోపలి నుంచి మొదలైన ప్రయాణం

న్యూయార్క్‌లో సంపన్న యూదు కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌లో చదివిన లిప్‌మన్, 1914లో ‘న్యూ రిపబ్లిక్’ వారపత్రిక వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక ప్రభుత్వంలో చేరారు. యుద్ధానంతర సరిహద్దులపై అధ్యయనానికి ఏర్పాటైన ‘ఇంక్వైరీ’ అనే బృందానికి కార్యదర్శిగా పనిచేశారు. అధ్యక్షుడు విల్సన్ 1918 జనవరి 8న శాంతికి ప్రాతిపదికగా ప్రకటించిన పద్నాలుగు సూత్రాల్లో సరిహద్దులకు సంబంధించిన ఎనిమిదింటికి ఈ బృందం తయారుచేసిన పత్రమే ఆధారం. ఆ తరువాత సైనిక నిఘా విభాగం అధికారిగా ఫ్రాన్స్ వెళ్లి, జర్మన్ సైనికుల కోసం ప్రచార కరపత్రాలు తయారుచేసే పనిలో పాల్గొన్నారు.

తీరా యుద్ధం ముగిశాక కుదిరిన వెర్సాయ్ సంధి చూస్తే విల్సన్ మాటలకూ దానికీ పొంతన లేదు. ‘న్యూ రిపబ్లిక్’ ఆ సంధిని వ్యతిరేకించింది. కరపత్రాలు రాసిన చేత్తోనే లిప్‌మన్ ఒక ప్రశ్నను పట్టుకున్నారు: కంటికి కనిపించని దూరదేశపు సంగతులపై కోట్ల మంది ఒక అభిప్రాయానికి ఎలా వస్తున్నారు? ఆ అభిప్రాయానికి ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోంది?

వెయ్యి సంచికల లెక్క

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆయన, సహచరుడు చార్లెస్ మెర్జ్ కలిసి పాత పత్రికలు ముందేసుకుని కూర్చున్నారు. ఎంచుకున్నది ‘న్యూయార్క్ టైమ్స్’. కాలం 1917 మార్చి నుంచి 1920 మార్చి వరకు. విషయం రష్యా విప్లవం. సుమారు వెయ్యి సంచికలు, మూడు వేలకు పైగా వార్తలు.

వారి పద్ధతి ఇప్పటికీ పనికొచ్చేంత నిక్కచ్చిగా ఉంది. ఎవరి అభిప్రాయం సరైనదన్న జోలికి పోలేదు. ఎవరూ కాదనలేని ఘటనలను మాత్రమే కొలబద్దగా పెట్టుకున్నారు. 1917 జూలైలో రష్యా సైన్యం చేపట్టిన దాడి విఫలమైంది. నవంబర్‌లో తాత్కాలిక ప్రభుత్వం కూలి, లెనిన్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, అంటే బోల్షెవిక్‌లు, అధికారానికి వచ్చారు. 1918 మార్చిలో రష్యా జర్మనీతో విడిగా సంధి చేసుకుంది. బోల్షెవిక్‌లపై దండెత్తిన సేనానులు ఓడిపోయారు. 1920 మార్చి నాటికి బోల్షెవిక్‌లే అధికారంలో ఉన్నారు. ఈ ఘటనల వైపు పరిస్థితులు కదులుతున్నాయన్న సూచన, వాటికి ముందు వచ్చిన వార్తల్లో పాఠకుడికి అందిందా లేదా? చూడవలసింది అంతే.

అందలేదని తేలింది. 1917 నవంబర్ నుంచి రెండేళ్లలో బోల్షెవిక్‌ల పని అయిపోయిందనో, అయిపోవస్తోందనో ఆ పత్రిక 91 సార్లు రాసింది. నెలకు దాదాపు నాలుగు సార్లు కూలిన ప్రభుత్వం రెండేళ్ల తరువాత కూడా అలాగే ఉంది.

1920 ఆగస్టు 4న ‘న్యూ రిపబ్లిక్’ అనుబంధంగా వెలువడిన ఈ పరిశీలన, పత్రిక కావాలని అబద్ధాలు రాసిందని ఆరోపించలేదు. విలేకరుల్లో, సంపాదకుల్లో ఉన్న ఆశ, భయం ఈ రెండే అసలైన సెన్సార్ అధికారులని తేల్చింది. జర్మనీపై యుద్ధంలో రష్యా నిలబడాలన్న ఆశ, బోల్షెవిజం పాకుతుందన్న భయం. ఈ రెండూ కలిసి, ప్రభుత్వ వర్గాల మాటలనూ, పేరు చెప్పని వ్యక్తుల భోగట్టానూ, దేశం విడిచి వచ్చినవారి అంచనాలనూ వడపోత లేకుండా పేజీలోకి ఎక్కించాయి. జరిగినదానికి బదులు జరగాలని కోరుకున్నది అచ్చయింది. వ్యాఖ్యానంలో జరిగే పొరపాటును పత్రిక రాజకీయాలతో ముడిపెట్టకుండా, మనిషి మనసు పనిచేసే తీరుతో ముడిపెట్టి వివరించడమే ఈ పని గొప్పతనం. సహ రచయిత మెర్జ్ తరువాతి కాలంలో అదే ‘న్యూయార్క్ టైమ్స్’ సంపాదకీయ విభాగానికి అధిపతి అయ్యారు.

దీవి, దివాలా, సెర్చ్‌లైట్

1922లో వచ్చిన ‘పబ్లిక్ ఒపీనియన్’ ఈ లెక్కను సిద్ధాంతంగా మార్చింది. పుస్తకం ఒక దీవితో మొదలవుతుంది. 1914లో అక్కడ కొందరు ఇంగ్లిష్‌వారు, ఫ్రెంచివారు, జర్మన్లు కలిసిమెలిసి ఉంటున్నారు. టెలిగ్రాఫ్ లేదు. రెండు నెలలకోసారి తపాలా ఓడ వస్తుంది. సెప్టెంబర్ నడుమ ఓడ వచ్చాక గాని తెలియలేదు, ఆరు వారాలకు పైగా తమ దేశాల మధ్య యుద్ధం నడుస్తోందని. ఆ ఆరు వారాలూ శత్రువులై ఉండి కూడా వారు స్నేహితుల్లా మెలిగారు. మనిషి లోకాన్ని చూసి నడుచుకోడని, లోకం గురించి తన తలలో ఉన్న బొమ్మను చూసి నడుచుకుంటాడని చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

ఆ బొమ్మలను తయారుచేసే, మనసులో ముందే సిద్ధంగా ఉండే అచ్చులకు ఆయన ‘స్టీరియోటైప్’ అన్న పేరు పెట్టారు. అది ముద్రణాలయంలో పోతపోసిన అచ్చుపలకకు వాడే మాట. మనుషులపై ముందే ఏర్పడిన అభిప్రాయం అన్న అర్థంలో ఈ మాట వ్యాప్తిలోకి రావడం ఆ పుస్తకంతోనే. తెలుగులో ఇందుకు వాడే ‘మూస’ కూడా పోతపోసే పనిలోనిదే కావడం వల్ల ఆ ఉపమానం తెలుగు పాఠకుడికి వివరించకుండానే అందుతుంది.

పుస్తకంలో పాత్రికేయానికి అన్నిటికంటే ముఖ్యమైన భాగం వార్తకూ నిజానికీ తేడా చెప్పేది. ఒక షేర్ల వ్యాపారి పదేళ్లు బాగా బతికాడు. తరువాత లోలోపల నష్టాల్లో కూరుకుపోతున్నాడు. పత్రికలకు ఆ సంగతి తెలియదు. అతని న్యాయవాది ప్రభుత్వ కార్యాలయంలో దివాలా కాగితం దాఖలు చేసిన రోజు అది వార్త అవుతుంది. అంటే ఎక్కడ ఒక నమోదు జరుగుతుందో అక్కడ వార్త పుడుతుంది. పోలీసు స్టేషన్, కోర్టు, ఎన్నికల ఫలితం, మార్కెట్ సూచీ. నమోదు కాని బాధ, మెల్లగా ముదిరే అన్యాయం వార్తగా మారడానికి ఎవరో దానికి ఒక రూపం ఇవ్వాలి. ఆ రూపం ఇచ్చే ప్రచారకర్త తన పక్షం చూసుకునే ఇస్తాడు. పత్రికను ఆయన చీకట్లో తిరుగుతూ ఒక్కొక్క చోటునే చూపించే సెర్చ్‌లైట్‌తో పోల్చారు. ఆ వెలుగు ఒక్కదానితో సమాజాన్ని నడపడం సాధ్యం కాదన్నారు.

పరిష్కారంగా ఆయన సూచించింది నిపుణుల సంస్థలను. ప్రభుత్వ శాఖలకు అనుబంధంగా, స్వతంత్రంగా పనిచేస్తూ వాస్తవాలను సేకరించే విభాగాలు ఉండాలన్నారు. తత్త్వవేత్త జాన్ డ్యూయీ ఆయన రోగ నిర్ధారణను ఎంతగానో మెచ్చుకున్నారు, మందును మాత్రం ఒప్పుకోలేదు. నిపుణులు ప్రజలకు దూరమైతే తామే ఒక వర్గమవుతారని, ప్రజలు కలిసి చర్చించుకునే శక్తిని పెంచడమే మార్గమని 1927లో వాదించారు. ఆ తరువాత లిప్‌మన్ జీవితం ఎలా నడిచిందో చూస్తే, డ్యూయీ హెచ్చరికకే ఎక్కువ బలం కనిపిస్తుంది.

కాలమ్‌కు ఆ బలం ఎలా వచ్చింది

‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆయన సంపాదకీయ పేజీ బాధ్యత చూశారు. 1931లో ఆ పత్రిక మూతపడింది. అదే ఏడాది సెప్టెంబర్ 8న ‘హెరాల్డ్ ట్రిబ్యూన్’లో ‘నేడు, రేపు’ అన్న అర్థం వచ్చే శీర్షికతో కాలమ్ మొదలుపెట్టారు. ‘వరల్డ్’ డెమొక్రటిక్ పార్టీ వైపు, ‘హెరాల్డ్ ట్రిబ్యూన్’ రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే పత్రికలు. ఒక పక్షం రచయితకు ఎదుటి పక్షం పత్రికలో స్వేచ్ఛగా రాసుకునే చోటు దొరకడమే ఆయనకు కలిసివచ్చిన మొదటి అంశం.

రెండోది సిండికేట్ పద్ధతి. ఒకే రచనను అనేక పత్రికలు కొనుక్కుని ఒకే సమయంలో ప్రచురిస్తాయి. లిప్‌మన్ కాలమ్ ఉచ్ఛదశలో రెండు వందలకు పైగా పత్రికలకు వెళ్లేది. పేరు లేని సంపాదకీయం ఆ పత్రిక గొంతుగా ఉంటుంది. పేరున్న కాలమ్ వ్యక్తి గొంతు అవుతుంది. ఆ గొంతును దేశమంతా ఒకే ఉదయం వింటుంది కాబట్టి పాలకులు దాన్ని పట్టించుకోక తప్పదు. పట్టించుకునే పాలకులు లోపలి సంగతులు చెబుతారు. లోపలి సంగతులు తెలిసిన కాలమ్‌ను పాఠకులు ఇంకా శ్రద్ధగా చదువుతారు. ఈ వలయం ఒకసారి తిరగడం మొదలైతే ఏళ్ల తరబడి ఆగదు. లిప్‌మన్ విషయంలో ముప్పై అయిదేళ్లు తిరిగింది.

ఆ వలయానికి చెల్లించిన మూల్యం పాఠకుడికి కనిపించలేదు. 1945 జనవరి 10న సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ ఇతర దేశాల వ్యవహారాలకు దూరంగా ఉండాలన్న ఏకాకి విధానాన్ని వదిలి అంతర్జాతీయ సహకారాన్ని సమర్థిస్తూ చేసిన ప్రసంగం పెద్ద సంచలనం. దాని తయారీలో లిప్‌మన్, మరో పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ సాయం చేశారు. తరువాత అదే ప్రసంగాన్ని కాలమ్‌లో లిప్‌మన్ మెచ్చుకున్నారు. 1961లో కెనెడీ ప్రమాణ స్వీకార ప్రసంగం ముసాయిదా చూసి, సోవియట్ యూనియన్‌ను ‘శత్రువు’ అనడం కంటే ‘ప్రత్యర్థి’ అనడం మేలని సూచించారు. ఆ మార్పు జరిగింది. ఆ ప్రసంగాన్నీ మెచ్చుకున్నారు. సలహా మంచిదే కావచ్చు. తాను చెయ్యి వేసిన పనిని బయటి మనిషిలా తూచడం మాత్రం పాఠకుడికి చేసిన అన్యాయమే. పత్రికా రచయితకూ అధికారంలో ఉన్నవారికీ మధ్య కొంత ఎడం ఉండి తీరాలని జీవిత చరమాంకంలో ఆయనే చెప్పారు.

1942 ఫిబ్రవరి

పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగి రెండు నెలలు గడిచాయి. పశ్చిమ తీరంలో ఉంటున్న జపనీయ మూలాలవారిని ఏం చేయాలన్న ప్రశ్న రగులుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన లిప్‌మన్ ఆ ప్రాంత సైన్యాధిపతి జనరల్ డివిట్‌తో మాట్లాడారు. ఫిబ్రవరి 12న కాలమ్ వచ్చింది. తీరంలో ఇంతవరకు విద్రోహ చర్య ఒక్కటీ జరగలేదన్నది నిజమే అన్నారు. అయితే దానివల్ల ప్రమాదం లేదని అనుకోకూడదని, అదను చూసి ఒక్కసారిగా పెద్ద దెబ్బ కొట్టడానికి ఆగి ఉన్నారనడానికి అదే గుర్తని వాదించారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ లేకపోవడమే నిప్పుకు సాక్ష్యమైంది. ఈ తర్కానికి ఎదురు నిలబడగల వాస్తవం ఏదీ ఉండదు. విద్రోహం జరిగితే నేరం రుజువవుతుంది, జరగకపోతే కుట్ర రుజువవుతుంది. ఇదే వాదనను జనరల్ డివిట్ రెండు రోజుల తరువాత ప్రభుత్వానికి పంపిన సిఫారసులోనూ పెట్టారు. వారందరినీ తీరం నుంచి తరలించి నిర్బంధించాలన్న ఆలోచనను వ్యతిరేకించిన అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్, ఇలాంటి కాలమిస్టుల రాతలు ప్రమాదకరమని ఫిబ్రవరి 17న అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు లేఖ రాశారు. ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ 9066వ ఉత్తర్వుపై సంతకం చేశారు. సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో పెట్టారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే.

ఆ నిర్ణయం ఒక్క కాలమ్ వల్ల వచ్చిందనడం సరికాదు. సైన్యం, కాలిఫోర్నియా రాజకీయ నాయకులు, వ్యవసాయ వ్యాపార సంఘాలు అప్పటికే ఒత్తిడి తెస్తున్నాయి. లిప్‌మన్ చేసింది, ఆ డిమాండ్‌కు ఆలోచనాపరుడి ముద్ర వేయడం. ద్వేషంతో అరిచేవారి మాట తోసిపుచ్చగలిగిన చదువరి, లిప్‌మన్ నింపాదిగా చెబితే విన్నాడు. గొంతు నెమ్మదిగా ఉన్నంత మాత్రాన తర్కం సరైనదవుతుందన్న భ్రమ ఇక్కడ లక్ష మందికి పైగా బతుకులను తలకిందులు చేసింది. పశ్చిమ తీరంలోని జపనీయ మూలాలవారు గూఢచర్యం గానీ, విద్రోహం గానీ చేసినట్టు నమోదైన ఆధారం ఒక్కటీ లేదని 1983లో అధికారిక కమిషన్ తేల్చింది. 1988 చట్టం ద్వారా అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది.

1920 నాటి పరిశీలనను దీని పక్కన పెడితే పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ‘టైమ్స్’ విలేకరులు నమ్మినది అధికారుల మాటను. ఇక్కడ లిప్‌మన్ నమ్మినదీ ఒక అధికారి మాటనే. అక్కడ భయం వార్తను వంచింది, ఇక్కడ వ్యాఖ్యను వంచింది. మూసల గురించి పుస్తకం రాయడం మూసల నుంచి రక్షణ ఇవ్వలేదు.

ప్రచ్ఛన్న యుద్ధం నుంచి వియత్నాం దాకా

దగ్గరతనం ప్రతిసారీ ఆయన చూపును మసకబార్చలేదు. 1947లో దౌత్యవేత్త జార్జ్ కెనన్ పేరు దాచి రాసిన వ్యాసం, సోవియట్ విస్తరణను ఎక్కడికక్కడ అడ్డుకోవాలని చెప్పింది. లిప్‌మన్ వరుస కాలమ్‌లతో దానికి జవాబిచ్చారు. ఆ విధానం పాటిస్తే సోవియట్ సరిహద్దుల చుట్టూ ఉన్న బలహీన ప్రభుత్వాలన్నిటినీ అమెరికా మోయవలసి వస్తుందని, ఎక్కడ పోరాడాలో ఎదుటివాడే నిర్ణయిస్తాడని హెచ్చరించారు. ఆ కాలమ్‌లు ‘కోల్డ్ వార్’ పేరుతో పుస్తకమయ్యాయి. ఆ మాట అంతకుముందే వాడుకలో ఉన్నా, ఇంటింటికీ చేరింది ఈ పుస్తకంతోనే.

ఆ హెచ్చరిక వియత్నాంలో నిజమైంది. 1964లో అధ్యక్షుడు జాన్సన్ ఆయనకు దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు, పిలిచి మాట్లాడారు, సలహా అడిగారు. 1965లో బాంబు దాడులు, సైన్యం సంఖ్య పెరుగుతూ పోవడంతో, తనను అడుగుతున్నది సలహా కోసం కాదని, మద్దతు కోసమని లిప్‌మన్ గ్రహించారు. డెబ్బై అయిదేళ్ల వయసులో, దేశంలో అత్యధికులు ఇంకా యుద్ధాన్ని సమర్థిస్తున్నప్పుడు, అధ్యక్షుడితో తెగతెంపులు చేసుకుని వ్యతిరేకంగా రాశారు. వృత్తి మొత్తంలో అధికారానికి దగ్గరగా ఉంటూ కూడబెట్టుకున్న చోటును వదులుకుని రాసిన ఆ కాలమ్‌లే ఆయన రాతల్లో అన్నిటికంటే గట్టివి. జాన్సన్ విందుల్లో, సభల్లో ఆయనను పేరు పెట్టి ఎగతాళి చేశారు. 1967లో లిప్‌మన్ కాలమ్ ఆపేసి వాషింగ్టన్ వదిలి న్యూయార్క్ చేరారు.

తనిఖీ ఎవరు చేస్తారు

అలాంటి ఒక్క గొంతు మళ్లీ రాలేదు. టీవీ చర్చలు, యూట్యూబ్ విశ్లేషణలు పెరిగే కొద్దీ పలుకుబడి వందల మందికి పంచబడింది. యంత్రాంగం మాత్రం అదే. నిన్నటిదాకా మంత్రికి ప్రసంగాలు రాసినవారు, పార్టీకి వ్యూహాలు చెప్పినవారు ఈ రోజు విశ్లేషకులుగా తెరపై కూర్చుంటారు. పరిచయ వాక్యంలో ఆ సంగతి ఉంటే పాఠకుడు తూకం వేసుకోగలడు. లేకపోతే లిప్‌మన్ కాలం నాటి చిక్కే మళ్లీ వస్తుంది. గతంలో చెప్పిన జోస్యాలు ఎన్ని ఫలించాయో ఎవరూ లెక్క చూడకపోవడం రెండో చిక్కు. వార్తను సరిచూడడానికి ఇప్పుడు వ్యవస్థలు ఏర్పడుతున్నాయి. వ్యాఖ్యను సరిచూసే అలవాటు ఇంకా రాలేదు.

లిప్‌మన్‌కు ఆ తనిఖీ రెండుసార్లు జరిగింది. మొదటిసారి వియత్నాం గొడవ ముదిరినప్పుడు, శ్వేతసౌధం సిబ్బంది పాత కాలమ్‌లు తిరగేసి ఆయన తప్పులు ఏరారు. వారికి కావలసింది ఆయనను చిన్నబుచ్చడం. రెండోసారి రచయిత రొనాల్డ్ స్టీల్ ఏళ్ల తరబడి ఆయన కాగితాలన్నీ చదివి, 1980లో జీవితచరిత్ర వెలువరించారు. 1942 కాలమ్, వాండెన్‌బర్గ్ ప్రసంగం, వియత్నాం తెగువ, అన్నీ అందులో పక్కపక్కనే ఉన్నాయి. అప్పటికి లిప్‌మన్ పోయి ఆరేళ్లు. 1945 జనవరిలో ఆ ప్రసంగం మీద కాలమ్ చదివిన పాఠకుడికి, దాన్ని రాయడంలో ఎవరి చెయ్యి ఉందో చెప్పే వాక్యం ఆ పేజీలో లేదు.